మరుగున పడిన పాత బండిబాటను గుర్తించి నమోదు చేయడం: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల కోసం ఒక మార్గదర్శి

జనం వదిలేసిన దారి ఒక్క రోజులో మాసిపోదు. మొదట బండ్లు తిరగడం మానేస్తాయి, తరువాత మనుషులు మానేస్తారు, ఆపైన కొన్నాళ్ళు పశువులు మాత్రమే నడుస్తాయి, చివరికి తుప్పలు కమ్ముకుంటాయి లేదా ఇరువైపుల రైతులు ఏటా మూరెడు చొప్పున చేలలో కలుపుకుంటూ వస్తారు. అయినా నేల తన మీద నడిచిన చక్రాలను చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది. గుడి కూలితే చెక్కిన రాళ్ళు మిగులుతాయి కాబట్టి ఎవరో ఒకరు ఆగి చూస్తారు. దారి పోతే మిగిలేది ఒక పల్లం, ఒక మిట్ట, వరుస తప్పిన నాలుగు చెట్లు, ఎవరూ నీళ్ళు తోడని ఒక బావి. వీటిని విడివిడిగా చూస్తే ఏమీ అనిపించదు. ఒకే గీత మీద పెట్టి చూసినప్పుడే అవి దారిగా కనిపిస్తాయి.

అలా చూడడం ఎలాగో, చూసినదాన్ని ఇతరులు నమ్మగలిగేలా ఎలా రాయాలో చెప్పడానికే ఈ మార్గదర్శి రాస్తున్నాను. దీనికి తవ్వకం అవసరం లేదు, తవ్వకూడదు కూడా. కావలసినది నడక, ఓపిక, కొలతలు. పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకోవాలి: కాగితం, మనిషి మాట, నేల మీది ఆనవాలు అనే మూడు రకాల సాక్ష్యాలలో కనీసం రెండు ఒకే చోట కలిస్తేనే ఆ ముక్కను దారి అని రాయాలి. ఒక్కటే ఉన్నచోట దాన్ని అనుమానంగానే చూపాలి, ఏదీ లేనిచోట పటం మీద ఖాళీ వదలాలి. పాత దారులను వెతికేవారు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ ఖాళీలను ఊహతో పూరించడం వల్ల వచ్చేవే.

మొదట, ఎలాంటి దారిని వెతుకుతున్నామో తేల్చుకోవాలి

మన ప్రాంతంలో పాత దారులు ప్రధానంగా రెండు దిక్కులుగా నడిచాయి. ఒకటి సముద్రం వెంట ఉత్తర దక్షిణాలుగా సాగే దారి. మద్రాసును కలకత్తాతో కలిపిన పెద్ద బాట ఇదే మార్గంలో పోయేది, నేటి 16వ నంబరు జాతీయ రహదారి దాని వారసురాలు. రెండవది కొండల నుంచి సముద్రానికి దిగే దారి. నాగావళి, వంశధార లోయల వెంట మన్యం సరుకు కళింగపట్నం వంటి రేవులకు దిగేది, నౌపడ వైపు ఉప్పు కొండల్లోకి ఎక్కేది. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా జయపురం వెళ్ళే మార్గంలో బంజారాలు ఎద్దుల వీపుల మీద ఉప్పు మోసుకుపోయి, తిరుగు ప్రయాణంలో కొండసరుకు దించుకొచ్చేవారు. ఇంకా వెనక్కి వెళితే, వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, అదే నది ఎడమ ఒడ్డున తూర్పు గాంగుల రాజధానిగా వెలిగిన ముఖలింగం, సరుబుజ్జిలి దగ్గరి దంతవరపుకోట, విజయనగరం వైపు రామతీర్థం ఉన్నాయి. అలాంటి చోట్లకు వందల ఏళ్ళపాటు దారి లేకుండా ఉండదు. అయితే మీ ఊరి పక్కన కనిపించిన పల్లం శాలిహుండం కాలానిదని చెప్పడానికి ఈ మాట సరిపోదు. చారిత్రక స్థలం దగ్గరగా ఉండడం సాక్ష్యం కాదు, వెతకడానికి ఒక కారణం మాత్రమే.

దారి ఎలాంటిదో తెలిస్తే నేల మీద ఏమి ఆశించాలో తెలుస్తుంది. బరువుల ఎద్దులు నడిచిన బాట సన్నగా, నిటారుగా ఉంటుంది, కొండను సూటిగా ఎక్కడానికి జంకదు. బండి అలా ఎక్కలేదు, వాలు తక్కువ ఉన్న చోటు కోసం చుట్టు తిరుగుతుంది. కంకర పరిచి చేసిన సర్కారు రోడ్డు ఇంకా జాగ్రత్తగా ఇరవై అడుగులకు ఒక అడుగు వంటి మెత్తని వాలుతో, మలుపులతో, గెడ్డ (వాగు) దాటే ప్రతిచోటా కల్వర్టుతో పోతుంది. ఒకే కనుమలో ఈ మూడూ పక్కపక్కనే ఉండవచ్చు.

ఆ దారి ఎందుకు ఆగిపోయిందో కూడా ముందే ఆలోచించి ఉంచుకోవాలి. 1890లలో కోస్తా వెంట రైలు రావడంతో దూరప్రయాణపు బండ్లు తగ్గాయి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు నడిచింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా పోయే లైను 1931 నాటికి రాయపూర్ దాకా పూర్తయింది. నది మీద వంతెన ఒకచోట కడితే, దానికి నాలుగు మైళ్ళ ఎగువన బండ్లు నది దాటే పాత రేవుకు రాకపోకలు ఆగిపోయాయి. తాటిపూడి, మడ్డువలస వంటి జలాశయాలు కొన్ని దారులను నీళ్ళ కింద దాచాయి. ఆగిపోయిన కారణం దొరికితే ఆగిపోయిన కాలం కూడా సుమారుగా దొరుకుతుంది.

కాగితాల మీద వెతకడం

రెవెన్యూ రికార్డుతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే నేల మీద పోయిన దారి కాగితం మీద పోరంబోకుగా చాలాకాలం బతికి ఉంటుంది. గ్రామ పటంలోనూ, ఎఫ్.ఎం.బి. అని అందరూ పిలిచే క్షేత్ర కొలతల పుస్తకంలోనూ, అడంగల్‌లోనూ బండి బాట, రాస్తా, గోర్జి అనే మాటలు ఎక్కడ ఉన్నాయో చూడాలి. గోర్జి మన ఉత్తరాంధ్ర మాట. గోదావరి వైపు పుంత అనీ, కృష్ణా గుంటూరుల్లో డొంక అనీ అనే చేలమధ్య దారిని మన పల్లెల్లో గోర్జి అంటారు. మన దగ్గర డొంక అంటే తుప్పలే ముందు గుర్తొస్తాయి కాబట్టి, వేరే జిల్లాల వారు రాసినవి చదివేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

గ్రామ పటంలో పొడవుగా, సన్నగా, రెండు మూడు సర్వే నంబర్ల మధ్య దూరి ఊరి పొలిమేర దాకా పోయే పోరంబోకు ముక్క ఉంటే దాన్ని పక్క ఊరి పటంతో కలిపి చూడాలి. అవతలి ఊళ్ళో కూడా అదే చోట మరో సన్నని ముక్క మొదలైతే అది దాదాపుగా దారే. ఒక్క ఊరి పటంతో ఆగిపోవడం వల్ల చాలామంది ఈ ఆధారాన్ని పోగొట్టుకుంటారు. పొలాల హద్దుల తీరు కూడా గమనించాలి. చుట్టుపక్కల చేలన్నీ తూర్పు పడమరలుగా ఉండగా ఒక వరుస హద్దులు మాత్రం ఏటవాలుగా, ఒకే గీతకు ఆనుకుని ఉంటే, ఆ చేలు ఏర్పడేనాటికే అక్కడ దారి ఉందని అనుకోవడానికి బలమైన ఆధారం దొరికినట్టే. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త ల్యాండ్ పార్శిల్ నంబర్లు వచ్చాయి. కాబట్టి పాత ఎఫ్.ఎం.బి. నకలును తప్పనిసరిగా సంపాదించి, పాత నంబరును కొత్త నంబరును పక్కపక్కనే రాసుకోవాలి.

తరువాత సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలు చూడాలి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు 65 ఎన్ పరిధిలోకి, టెక్కలి, పలాస ప్రాంతం 74 బి లోకి, ఇచ్ఛాపురం 74 ఎ లోకి వస్తాయి. నేటి పటాల కొలత 1:50,000, పాతవాటిలో ఒక అంగుళం ఒక మైలుకు సమానం. రెండింటినీ పోల్చినప్పుడు పాత పటంలో ఉండి కొత్తదానిలో లేని దారి ఏదో తెలుస్తుంది. బండిబాటను, కాలిబాటను చూపే గుర్తులు కూర్పుకు కూర్పుకు మారవచ్చు కాబట్టి, ప్రతి పటం అడుగున ఉండే గుర్తుల పట్టికను చదివిన తరువాతే గీతకు పేరు పెట్టాలి.

పాత రికార్డులు ఏ జిల్లా పేరిట ఉన్నాయో తెలియక కూడా కొందరు తిరిగి తిరిగి అలిసిపోతారు. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలోనివి. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనివి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. పాత ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసేవారు. మద్రాసు ప్రభుత్వ కాలపు దస్త్రాలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు రాష్ట్ర అభిలేఖాగారంలో ఎక్కువగా ఉన్నాయి.

ఉపగ్రహ చిత్రాల విషయానికి వస్తే, గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలను ఒక్కొక్కటిగా తిప్పి చూడాలి. ఇస్రో వారి భువన్ కూడా పనికివస్తుంది. వీటికంటే విలువైనవి 1960 నుంచి 1972 వరకు కరోనా అనే పేరుగల అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన చిత్రాలు. 1995లో వాటి మీద గోప్యత తొలగించారు. పొక్లెయిన్లు, లేఅవుట్లు రాకముందున్న నేల వాటిలో ఉంది. నలుపు తెలుపుల్లో సన్నని తెల్లగీతగా కనిపించే బండిబాటను నేటి చిత్రం మీద పరిచి చూస్తే వెతకవలసిన చోటు చాలావరకు తేలిపోతుంది.

పెద్దవాళ్ళను అడిగే పద్ధతి

"ఇక్కడ పాత దారి ఉండేదా?" అని అడిగితే, వచ్చినవారిని నొప్పించడం ఇష్టంలేక అవుననేవారే ఎక్కువ. దారి గురించి కాకుండా పని గురించి అడగాలి. "తాతా, మీ చిన్నప్పుడు సంతకు బండి ఏ తోవన కట్టేవారు? మామ్మా, నీ పెళ్ళికి మగపెళ్ళివారి బండ్లు ఏ వైపు నుంచి వచ్చాయి? వానాకాలం గెడ్డ పొంగితే ఎక్కడ ఆగేవారు?" అని అడిగితే జవాబులో దారి దానంతట అదే వస్తుంది. ఒకసారి నేను ఒక గోర్జి సంగతి అడిగితే "అదా బాబూ, అది సంతకెల్లే తోవ, ఎద్దులు మోకాల్లెత్తు దిగిపోయేవి" అని ఒక పెద్దాయన చెప్పారు. ఆ మోకాలెత్తు అన్న మాటే, పక్కనున్న ఎత్తైన గట్టు కింద పూడిపోయిన పల్లాన్ని వెతకడానికి నన్ను పంపింది.

చెప్పిన మాటను చెప్పినట్టే, యాసతో సహా రాసుకోవాలి. అది ఆయన కళ్ళతో చూసిందా, తన తండ్రి చెప్పగా విన్నదా అన్నది విడిగా గుర్తించాలి. ఒకరిని ఒకచోట, మరొకరిని వేరేచోట విడివిడిగా అడిగితే మాటలు కలుస్తాయో లేదో తెలుస్తుంది. రచ్చబండ మీద అందరినీ కలిపి అడిగితే గట్టిగా మాట్లాడేవారి దారే అందరి దారి అవుతుంది. చేల పేర్లు, చెట్ల పేర్లు కూడా అడగాలి. సత్రం చేను, రేవు మెట్ట, సుంకం దిబ్బ వంటి పేర్లు పటాల్లో ఎక్కకుండా నోటి మీద మాత్రమే మిగిలి ఉంటాయి. సంతకవిటి, సంతబొమ్మాళి వంటి ఊరిపేర్లలో సంత అనే మాట బయటికే కనిపిస్తుంది. చిన్న చేల పేర్లలో అలాంటివి ఎన్నో దాగి ఉంటాయి.

వెళ్ళవలసిన కాలం, పట్టుకెళ్ళవలసినవి

వరి కోతలు అయిన తరువాత, పుష్య మాఘ మాసాల్లో పొద్దున్నే వెళ్ళడం అన్నిటికంటే మంచిది. తుప్పలు పలచబడతాయి, ఏటవాలు ఎండలో జానెడు లోతు పల్లానికి కూడా నీడ పడుతుంది. మధ్యాహ్నం ఎండలో అదే చోట నిలబడినా ఏమీ కనిపించదు.

ఈ కాలంలో మన చేలే ఒక పటంలా పనిచేస్తాయి. వరి కోసిన మళ్ళలో మిగిలిన తేమతో పండే మినుము, పెసర పైరును గమనించాలి. కింద కంకర గానీ గట్టిపడిన బాట గానీ ఉన్నచోట వేళ్ళు లోతుకు దిగలేక పైరు ముందుగా పసుపుబారి కురచగా ఉంటుంది. పూడిపోయిన పాత పల్లం మీద మెత్తని మట్టి, తేమ ఎక్కువ కాబట్టి అదే పైరు నాలుగు రోజులు ఎక్కువ పచ్చగా నిలుస్తుంది. ఆ తేడా ఒక గీతలా, మడిగట్లను లెక్కచేయకుండా మూడు నాలుగు చేలను దాటి పోతుంటే వెంటనే ఫొటో తీసుకోవాలి, మరో పదిరోజులకు అది ఉండదు. తొలకరి జల్లు పడిన మరునాడు ఎర్రనేలల్లో కూడా ఇలాంటి తేమగీతలు కాసేపు కనిపిస్తాయి.

పట్టుకెళ్ళవలసినవి కొద్దివే: 30 మీటర్ల టేపు, నైలాను తాడు, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ ట్యూబు, అడుగు గుర్తులు గీసిన కర్ర, నోటుపుస్తకం, జి.పి.ఎస్. ఉన్న ఫోను. ఫోను చూపే స్థానంలో అయిదు మీటర్ల వరకు తేడా ఉండవచ్చు కాబట్టి, ప్రతి ఆనవాలుకూ కదలని గుర్తు నుంచి దూరం కూడా కొలిచి రాయాలి. సర్వే రాయి ఉంటే అంతకంటే మంచిది లేదు. చేనులో అడుగుపెట్టే ముందు రైతు అనుమతి తీసుకోవాలి, వచ్చిన పని దాచకుండా చెప్పాలి. కొలతలు చూసి భూమి పోతుందేమోనని భయపడేవారు ఉంటారు, ఆ భయం సహజమైనది. పల్లపు బాటల్లో ఆకుల కింద రక్తపింజరి ఉంటుంది, కర్రతో తట్టకుండా కాలు పెట్టకూడదు. సీతంపేట, కురుపాం, కొమరాడ వైపు ఏనుగులు తిరుగుతుంటాయి. అటవీశాఖ వారికి చెప్పకుండా, స్థానికులు తోడు లేకుండా వెళ్ళవద్దు.

నేల మీద ఆనవాళ్ళను చదవడం

వాలు నేలల మీద ముందుగా వెతకవలసినది పల్లపు బాట. గిట్టలు, చక్రాలు నేలను గుల్ల చేస్తాయి, వాన ఆ మట్టిని కడుక్కుపోతుంది, మరుసటి ఏడు బాట ఇంకొంచెం దిగుతుంది. ఎర్రగరుసు మెట్టల మీద ఇది తొందరగా దిగుతుంది కాబట్టి మన జిల్లాల్లో మంచి పల్లపు బాటలన్నీ మెట్టల అంచుల్లోనే దొరుకుతాయి. చదునైన పల్లపు పొలాల్లో ఇది ఏర్పడదు. అక్కడ బురద తప్పించుకోవడానికి బండ్లు పక్కకు జరిగి నాలుగైదు సమాంతర జాడలు పడతాయి.

పల్లపు బాటకూ వాన కోసిన గండికీ తేడా తెలియడం ఈ పనిలో అతి ముఖ్యమైన నేర్పు. గండి నీరు పోయే సూటి వాలునే పట్టుకుంటుంది, పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ లోతవుతుంది, అడుగు కోసుగా ఉంటుంది. బాట వాలును ఏటవాలుగా దాటుతుంది, అడుగు చదునుగా ఉంటుంది, వెడల్పు దాదాపు ఒకేలా సాగుతుంది. అన్నిటినీ మించి బాట మెట్ట తలను దాటి అవతలి వైపుకు దిగుతుంది. నీరు ఎప్పుడూ ఆ పని చేయదు. కాబట్టి పల్లం కనిపించగానే కిందికి కాక పైకి నడిచి, మెట్ట మీద అది ఏమవుతుందో చూడాలి. శిఖరం మీద పల్లం అయిపోయినా, అవతలి వాలులో అదే వరుసలో మళ్ళీ మొదలైతే మీ చేతికి దారి చిక్కినట్టే. వదిలేసిన బాటను తరువాత వాననీరు గండిగా మార్చడం కూడా జరుగుతుంది. అప్పుడు పక్కగోడల పైభాగాన పాత చదును అంచులు ఒక మెట్టులా మిగులుతాయి.

రాతినేల పైకి తేలిన చోట చక్రాల గాళ్ళు ఉండవచ్చు. ఇనుప పట్టా వేసిన చక్రం ఖొండలైటు వంటి పొడిగా రాలే రాతిని తొందరగానే అరగదీస్తుంది, చార్నకైటు అనే గట్టి నల్లరాతి మీద గాడి పడాలంటే చాలా రాకపోకలు కావాలి. రెండు గాళ్ళ నడిమి దూరాన్ని నాలుగైదు చోట్ల కొలిచి, మీ ప్రాంతంలో మిగిలిన పాత నాటుబండి చక్రాల నడిమి దూరంతో పోల్చండి. అవి కలిస్తే మంచి ఆధారం. గాడి ఒక్కటే ఉండి జత లేకపోతే రాయి పగులు, నీటి ఒరిపిడి వంటి కారణాలు చూడాలి. గాళ్ళ మధ్య భాగంలో గిట్టల ఒరిపిడికి రాయి నునుపెక్కి ఉంటే సందేహం ఇంకా తగ్గుతుంది.

నదులూ గెడ్డలూ దాటే చోటు మీద ఎక్కువ సమయం పెట్టమని నా సలహా. నాగావళి, వంశధారల ఇసుకలో దారి మిగలదు గానీ, ఎత్తైన ఒడ్డును కోసి బండి దిగడానికి చేసిన ఏటవాలు కోత చాలాకాలం నిలుస్తుంది. ఒక ఒడ్డున అది కనిపిస్తే ఎదుటి ఒడ్డున జత వెతకాలి. నది జరిగి ఉండవచ్చు కాబట్టి సూటిగా ఎదురుగానే కాక ఎగువా దిగువా అర కిలోమీటరు నడవాలి. రేవు దగ్గర బండ్లు నీరు తగ్గేదాకా ఆగేవి, ఆగినచోట నీడ, నీళ్ళు, వంట కావాలి. అందుకే అక్కడ మర్రి, బావి, అమ్మవారి గుడి, సత్రపు గోడ పునాదులు, ఇటుక ముక్కలు, పొయ్యి బూడిద కలిసి దొరుకుతాయి. దారి మొత్తం మీద వస్తువుల ఆనవాళ్ళు అన్నిటికంటే చిక్కగా ఉండే చోటు ఇదే.

సర్కారు రోడ్డయితే కట్టడాలు ఉంటాయి. సున్నపు గచ్చుతో కట్టిన ఇటుక కమాను కల్వర్టు ఇప్పుడు చేల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటే దానికి రెండువైపులా రోడ్డు ఉండి తీరాలి. మైలురాయి పడిపోయి ఎక్కడో కళ్ళం దగ్గర బట్టలుతికే బండగా మారి ఉండవచ్చు. దాని అసలు చోటు ఎవరికైనా గుర్తుందేమో అడగాలి. దశాంశ కొలతలు 1960లలో స్థిరపడ్డాయి కాబట్టి మైళ్ళ అంకె ఉన్న రాయి సాధారణంగా అంతకుముందుది. రోడ్డు పక్క మట్టి తీసిన గుంతలు వరుసగా, ఒకే పరిమాణంలో ఉండి వానాకాలం నీళ్ళు నిలుస్తుంటే, ఆ వరుస ఒక్కటే రోడ్డు పోయిన దిశను చెబుతుంది.

రైలుకట్ట కూడా దారిని పట్టిస్తుంది. 1890లలో లైను వేసినప్పుడు అప్పటికే నడుస్తున్న బండిబాటలకు గేటో, కింద బండి పట్టేంత కమానో వదలవలసి వచ్చింది. నేడు ఎటూ దారి లేని చోట కట్ట కింద అలాంటి కమాను ఉంటే, రెండువైపులా వరుస పట్టి చూడాలి. అది వరదనీటి కోసం పెట్టిందా అన్నది అడుగు మట్టం చూస్తే తెలుస్తుంది. నీటి కమాను గెడ్డ అడుగుతో సమంగా ఉంటుంది, బాట కమాను చుట్టుపక్కల నేలతో సమంగా ఉంటుంది.

చిన్న వస్తువులను చూడాలి, ఫొటో తీయాలి, ఉన్నచోటే వదిలేయాలి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఎద్దులాడం ఒక గిట్టకు రెండు ముక్కలు. చంద్రవంక ఆకారంలో చిన్న మేకు కంతలతో ఉండే ఆ ఇనుప ముక్కలు, ఇరుసు చీలలు, చక్రపు పట్టా తునకలు బండిబాటకు సూటి సాక్ష్యాలు. చీపురుపల్లి, గరివిడి, గర్భాం వైపు దారుల మీద బరువైన నల్లరాళ్ళు చెల్లాచెదురుగా కనిపిస్తే వాటిని వెంటనే ఇనుము కరిగించిన చిట్టెం అనుకోవద్దు. ఆ ప్రాంతంలో 1890ల తొలినాళ్ళ నుంచి మాంగనీసు తవ్వారు, దేశంలో ఆ ఖనిజం తవ్వకం మొదలైన చోట్లలో అది ముందువరుసలోనిది. గని నుంచి స్టేషనుకు తోలుతుండగా బండ్ల మీది నుంచి జారిన ముక్కలు అవి కావచ్చు. చిట్టెంలో గాలిబుడగల కంతలు, కరిగి పారిన ముడతలు ఉంటాయి. మాంగనీసు ముక్కకు అలాంటి గాలిబుడగల కంతలు ఉండవు, గచ్చు మీద గీస్తే నల్లని లేదా ముదురు గోధుమరంగు గీత పడుతుంది. చిట్టెమైతే దగ్గరలో కొలిమి ఉండేదన్నమాట, మాంగనీసైతే గనిబండ్ల దారి అన్నమాట. రెండు వేర్వేరు కథలు ఇవి.

మోసపుచ్చేవి

ఎత్తుగా, పొడవుగా ఉన్న ప్రతి కట్టా రోడ్డు కాదు. నేను ఒక మిట్టను పాత రోడ్డు కట్టగా నమ్మి రెండు రోజులు కొలిచాను. మూడో రోజు దాని మధ్యలో కూలిపోయిన మదుం (తూము) రాళ్ళు కనిపించాయి, ఒకవైపు నేల మాత్రమే ఒండ్రుతో ఎత్తుగా ఉంది. అది పూడిపోయిన బంద (చిన్న చెరువు) గట్టు. అప్పటి నుంచి ఏ మిట్టకైనా రెండు పక్కల నేల మట్టం కొలిచిన తరువాతే పేరు పెడుతున్నాను. కాలువగట్టు జంటగా, మధ్యలో పల్లంతో ఒకే మట్టాన్ని పట్టుకుని వంకరలు తిరుగుతుంది. చింతచెట్ల వరుస దారి వెంట నీడకు నాటినదే కానక్కరలేదు, ఒకప్పటి తోపు అంచు కావచ్చు. రెండో వరుస ఉందా, వరుసల నడుమ బండ్లు పట్టేంత ఎడం ఉందా అని చూడాలి. తాగునీటి పైపులు, కేబుళ్ళు వేసిన కందకాలు కూడా పైరులో పచ్చగీతలు తెప్పిస్తాయి, కానీ అవి మరీ సూటిగా, మరీ సన్నగా ఉంటాయి.

కొలిచి రాయడం

ప్రతి 50 మీటర్లకు, ఆకారం మారిన ప్రతిచోటా అడ్డుకోత గీయాలి. పల్లానికి అడ్డంగా రెండు కర్రలు పాతి, నీళ్ళ ట్యూబుతో మట్టం చూసి, తాడు బిగించి, అర మీటరుకు ఒకసారి తాడు నుంచి నేలకు లోతు కొలిస్తే చాలు. గళ్ళ కాగితం మీద చుక్కలు కలిపితే బాట ఆకారం వస్తుంది. ఈ చిన్న బొమ్మ పది ఫొటోలకంటే ఎక్కువ చెబుతుంది. లోతు, అడుగు వెడల్పు, పై వెడల్పు, వాలు, మట్టి రంగు, మీద ఉన్న చెట్లు, రెండు పక్కల సర్వే నంబర్లు రాయాలి. ఫొటోలో కొలకర్ర, ఉత్తరం గుర్తు ఉండాలి, తేదీ, వేళ విడిగా రాయాలి.

పటం మీద రెండు రకాల గీతలు వాడండి. కనీసం రెండు రకాల సాక్ష్యాలు కలిసిన చోట నిండు గీత, ఒక్క ఆధారమే ఉన్నచోట తెగిన గీత, ఏమీ లేనిచోట గీతే వద్దు. వెతికి దొరకని చోటు, ఇంకా వెతకని చోటు ఒకటి కావు. రెండింటినీ వేర్వేరుగా గుర్తిస్తే తరువాత వచ్చేవారు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

కాలాన్ని తేల్చడం

దారికి పుట్టిన తేదీ దొరకడం అరుదు. దొరికేది ముందూ వెనకలు మాత్రమే. చెరువుగట్టు బాటను అడ్డంగా కోసి కూర్చుంటే బాట ముందుది. బాట గట్టును చీల్చుకుపోతే గట్టు ముందుది. కోస్తా రైలుకట్ట కింద తెగిపోయిన పల్లపు బాట ఆ కట్ట వేసిన 1890లకు ముందుదే. బాట అడుగు పొరలో ఇరుక్కుని మంగుళూరు పెంకు ముక్క ఉంటే ఆ పొర 1865 తరువాతది, ఎందుకంటే ఆ పెంకుల కార్ఖానా మంగుళూరులో ఆ ఏడే మొదలైంది. గోళీసోడా సీసా మెడ ముక్క ఉంటే 1872 తరువాతది, ఆ సీసాకు పేటెంటు వచ్చింది అప్పుడే. అయితే పై మట్టిలో పడి ఉన్న వస్తువు ఆ చోట ఎవరైనా ఎప్పుడైనా పారేసింది కావచ్చు, కోతపడిన గోడలో పొర లోపల కనిపించినదానికే విలువ. బాగా పెద్ద పరిమాణపు ఇటుకలు, నలుపు ఎరుపు రంగులు కలిసిన మట్టిపాత్రల పెంకులు కనిపిస్తే అది చాలా పాతకాలపు నివాసం అయివుండవచ్చు. అప్పుడు సొంతంగా తేల్చకుండా నిపుణులకు చూపాలి. శాలిహుండం అవశేషాలను 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గుర్తించారు. ఆయన వృత్తిరీత్యా పురావస్తు ఉద్యోగి కాదు, బడిపంతులు. ఆ తరువాత తవ్వకం మాత్రం ఆ పని తెలిసిన శాఖే చేసింది. అదే సరైన వరుస.

చట్టం, అప్పగింత

మెటల్ డిటెక్టరు, గునపం వద్దు. రక్షిత స్థలాలకు 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తాయి. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నేలలో దాగిన విలువైన వస్తువు దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్ళు దాటిన చాలా వస్తువులు 1972 చట్టం కింద పురావస్తువుల లెక్కలోకి వస్తాయి.

పని పూర్తయ్యాక పటం, అడ్డుకోతలు, మాటల నోటు, ఫొటోలు ఒక కట్టగా చేసి నాలుగు నకళ్ళు తీయండి. ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు, ఒకటి గ్రామ సర్వేయరుకు, ఒకటి దగ్గరి కళాశాల చరిత్ర విభాగానికి ఇవ్వండి. నాలుగోది, తోవ చెప్పిన పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళి, ఆయన మాట ఎక్కడ రాశారో చదివి వినిపించండి. తప్పు ఉంటే ఆయనే దిద్దుతారు, మొదటిసారి గుర్తురానిది ఒక్కోసారి అప్పుడు గుర్తొస్తుంది. ఆ దిద్దుబాటును తేదీతో సహా నాలుగు నకళ్ళలోనూ ఎక్కించాలి.